ఓనరు మారితే రాజీనామా ఎందుకు?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో 11 ఏళ్లుగా మెషిన్ ఆపరేటర్‌ని. చేతికి 24 వేలు వస్తుంది, బేసిక్ 14 వేలు. మా ఓనరు యూనిట్‌ని బయటి కంపెనీకి అమ్ముతున్నారు. అందర్నీ రాజీనామా చేసి, లెక్క తీసుకుని, మళ్లీ కొత్తగా చేరమంటున్నారు. వాళ్లు 30 వేల సీటీసీ ఇస్తారట. సంతకం పెట్టమంటారా సార్?

జవాబు: ఇప్పుడే పెట్టకండి.

ముందుగా ఒకటి కనుక్కోండి. అమ్ముతున్నది కంపెనీ షేర్లా, యూనిట్టా? షేర్లే అయితే కంపెనీ అదే ఉంటుంది, రాజీనామాతో పనే లేదు. యూనిట్‌నే మరొకరు కొంటుంటే, పాత సర్వీసు తెగకుండా, జీతం తదితర షరతులు తగ్గకుండా మిమ్మల్ని తీసుకోవాలి. లేదంటే ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చొప్పున పాత యజమాని పరిహారం ఇవ్వాలి. పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ రక్షణ, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కానీ మీ అంతట మీరే రాజీనామా రాసిస్తే ఈ పరిహారం అడగడం కష్టం.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే మొత్తం, చూడండి. చివరి బేసిక్‌ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో హెచ్చిస్తారు. ఇవాళ మీకు సుమారు 88,800 రూపాయలు వస్తుంది. కొత్తగా చేరి నాలుగేళ్లకే మానేస్తే, ఐదేళ్లు నిండవు కాబట్టి ఆ కాలానికి మామూలుగా ఏమీ రాదు. అదే సర్వీసు కొనసాగి, అప్పటికి బేసిక్ 18 వేలైతే, 15 ఏళ్లకూ కలిపి లక్షా 55 వేలు దాటుతుంది. పెరిగిన జీతం పాత ఏళ్లకూ వర్తించడమే ఇందులో అసలు లాభం.

ఇక 30 వేల సీటీసీ. అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు, చేతికొచ్చే జీతం కాదు. బేసిక్ 15 వేలనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద 720 దాకా అందులోనే చూపిస్తారు. మీ పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది దాదాపు 25,500. పెరిగింది ఆరు వేలు కాదు, పదిహేను వందలు! పైగా ఓనరు దగ్గర పండక్కో, పిల్లల ఫీజులకో నోటిమాట మీద దొరికే అడ్వాన్సు కంపెనీలో దొరక్కపోవచ్చు. మూడు నెలల ఖర్చు బ్యాంకులో విడిగా దాచడం ఇప్పటినుంచే మొదలుపెట్టండి.

పాత చేరిన తేదీతోనే సర్వీసు కొనసాగుతుందని పాత ఓనరు, కొత్త కంపెనీ ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా తీసుకోండి. ఒక్కరే కాకుండా తోటివాళ్లంతా కలిసి అడగండి. ఒప్పుకోకపోతే పే స్లిప్పులు, నియామక పత్రం పట్టుకుని ఒంగోలు కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. పీఎఫ్ డబ్బు మాత్రం తీయకండి, అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) మీద కొనసాగించండి.