ఆమెకు ఏం కావాలో ముందు తెలుసుకో

తమ్ముడికి,

నీ కథ చదివాను. సంభాషణలు బాగా కుదిరాయి, వాటి జోలికి పోను. నాలుగో భాగం దగ్గర మాత్రం ఆగిపోయాను. అతను గడియ పెడతాడు. ఆమె వద్దంటుంది. నవ్వుతూ దగ్గరికి లాక్కుంటాడు. ఆమె కాసేపు పెనుగులాడి కళ్ళు మూసుకుంటుంది. తర్వాతి పేరాలో ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. మధ్యలో ఆమె మనసు ఎప్పుడు మారింది, ఎందుకు మారింది? ఎంత వెతికినా దొరకలేదు.

నీ ఉద్దేశం చెడ్డదని అనడం లేదు. వెంటపడితే ప్రేమ, మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే, మొదట కాదనడం సిగ్గు... ఇవన్నీ చదివీ చూసీ చేతికి అలవాటైపోయి, మనం ఆలోచించకుండానే కాగితం మీదికి వచ్చేస్తాయి. అలాంటి కథలతో పెరిగినవాడు రేపు నిజంగా చెప్పిన 'వద్దు'ని కూడా సిగ్గు కింద జమకట్టేస్తాడు.

పెనుగులాట ఆగితే ఇష్టపడినట్టు కాదు. అత్యాచారం తర్వాత స్టాక్‌హోంలో ఒక అత్యవసర చికిత్సా కేంద్రానికి వచ్చిన దాదాపు 300 మంది స్త్రీలను అడిగిన పరిశోధన 2017లో వచ్చింది. పదిమందిలో ఏడుగురు, ఆ సమయంలో ఒళ్ళు కొయ్యబారిపోయి కదల్లేకపోయామన్నారు. స్వీడన్ చట్టం 2018 నుంచి చూసేది ఆమె ఎంత ప్రతిఘటించిందని కాదు, ఇష్టపూర్వకంగా పాల్గొందా లేదా అని. ఇంకోటి, భయంలో కూడా శరీరం దానంతటది స్పందించవచ్చు. దాన్ని ఒప్పుకోలుగా రాయకు.

కానీ అసలు లోటు ఆ గదిలో లేదు. మొదటి మూడు భాగాల్లో ఆమె నడుముంది, జడ ఉంది, అందరూ ఆమెను చూస్తారు. ఆమె ఎవర్నీ చూడదు. అతనిలో ఆమెకు నచ్చిందేమిటి? చేతులా, గొంతా? ఒంటరిగా ఉన్నప్పుడు ఏం ఊహించుకుంటుంది? ఆమెకు ఏం కావాలో నీకే తెలియనప్పుడు, వద్దనడం తప్ప ఆమెకు ఇంకేం మిగులుతుంది?

ఇందులో నువ్వు ఒంటరివాడివి కాదులే. ఆడవాళ్ళ సుఖాన్ని వైద్యులే పట్టించుకోలేదు. ఆ సుఖానికి కీలకమైన అవయవం క్లిటోరిస్. అది ఒంటి లోపల ఎంత దూరం విస్తరించి ఉందో హెలెన్ ఓకానెల్ అనే ఆస్ట్రేలియా సర్జన్ 1998లో వివరంగా చూపించారు. అప్పటిదాకా చాలా వైద్య పుస్తకాలు దాన్ని అరకొరగా వేసి వదిలేశాయి. అమెరికాలో 52 వేల మందికి పైగా పాల్గొన్న ఒక సర్వే ఉంది. భావప్రాప్తి మామూలుగా కలుగుతుందన్నవాళ్ళు, స్త్రీలతో గడిపే మగవాళ్ళలో 95 శాతం, మగవాళ్ళతో గడిపే ఆడవాళ్ళలో 65 శాతం. ఆడవాళ్ళతోనే గడిపే ఆడవాళ్ళలో 86 శాతం! ఇక ఆడవాళ్ళ శరీరం అంతుపట్టదనే సాకు ఎక్కడ చెల్లుతుంది?

ఆ సీన్ ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడు. అతని చొక్కా గుండీలు ఆమే విప్పుతూ మధ్యలో ఆగిపోయింది. "ఏమైంది?" అన్నాడు. "ఏం లేదు, కాసేపు ఊరికే ఉందాం." ఊరికే ఉన్నాడు, మొహం ముడుచుకోకుండా. తర్వాత ఆమే అతని చెయ్యి పట్టుకుని, "అక్కడ కాదు, ఇక్కడ" అంటూ జరిపింది. అడిగితే మూడ్ పోతుందని పెద్ద రచయితలు కూడా అంటుంటారు. పోయిందా?

అత్యాచారం గురించే రాయాల్సి వస్తే, ఆమె ఒంటిని వర్ణించకు. నిందితుణ్ణి చీకట్లోంచి దూకే ముసుగు మనిషిని చేయకు, నిజానికి ఎక్కువసార్లు వాడు తెలిసినవాడే, ఒక్కోసారి మొగుడే. ఆమెను చంపేసో, వాడికే ఇచ్చి పెళ్ళి చేసో కథ ముగించకు. మర్నాడు ఎవరికి ఫోన్ చేసింది, వాళ్ళు మొదట ఏం అడిగారు అన్నది రాయి. "ఆ టైంలో అక్కడికెందుకెళ్ళావ్?" అని సొంత అక్కే అడగొచ్చు.

తిరగరాశాక నాకంటే ముందు నీ ఈడు అమ్మాయి ఎవరైనా చదవడానికి ఒప్పుకుంటే ఇవ్వు. బాగుందా అని అడక్కు. ఎక్కడ చదవడం ఆపేయాలనిపించిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమను. గీత పెట్టిన చోట ఆమెతో వాదనకు దిగకు.

ఉంటాను,
అక్క