కేసు నిలిచేది ఆ పసుపు చీటీ మీదే

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. రిటైరైన నాన్నగారికి ఇంటి ముందు గడ్డి కోసుకోవడానికి షాపులో కార్డ్‌లెస్ ట్రిమ్మర్ కొనిచ్చి 27 నెలలైంది. ఐదో నెలలోనే బ్యాటరీ ఛార్జ్ కావడం ఆగిపోయింది, ఛార్జర్‌లో ఎర్ర లైటు కొట్టుకుంటూ ఉంటుంది. నాన్నగారు సర్వీస్ సెంటర్‌కు నాలుగుసార్లు తిరిగారు. ‘మీకు వాడటం రాదు’ అని అందరి ముందూ అన్నారట. మొదటిసారి ఒక పసుపు చీటీ ఇచ్చి, రెండు వారాలకు బ్యాటరీ బాగానే ఉందని తిరిగిచ్చారు. ఇప్పుడేమో ఏడాది వారంటీ అయిపోయిందంటున్నారు. బిల్లు మీద అక్షరాలు చెరిగిపోయాయి. అవమానానికి 5 లక్షలు అడగవచ్చా? ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో బ్యాటరీ విప్పి సెల్స్ మార్పించి, ఆ ఖర్చూ రాబట్టవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ పసుపు చీటీ ఎక్కడుంది? అది జాబ్ షీట్, అంటే రిపేరుకు వస్తువు తీసుకున్నట్టు సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితం. దాని మీద తేదీ, బ్యాటరీ సీరియల్ నంబరు, ‘ఛార్జ్ కావడం లేదు’ అన్న ఫిర్యాదు ఉంటే, వారంటీ ఉండగానే మీరు లోపం చెప్పారని వాళ్ల కాగితమే సాక్ష్యం చెబుతుంది. ఇవాళ వారంటీ లేదన్న మాటకు అప్పుడు బలం ఉండదు. వారంటీ కార్డు కూడా తీసి చూడండి. బ్యాటరీకి, మిషన్‌కు వేర్వేరు గడువులు ఉండవచ్చు.

నాలుగుసార్లు వెళ్లి మూడుసార్లు చీటీ అడగకుండా రావడం పెద్ద పొరపాటు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం 2 ఏళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు (వినియోగదారుల కోర్టుకు) వెళ్లాలి. ఐదో నెల నుంచి లెక్కేసుకోవడమే క్షేమం. అంటే 22 నెలలు పోయాయి, చేతిలో ఉన్నవి రెండే. మెయిల్స్ రాస్తూ పోయినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు కానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఎస్.పి. రోడ్డు ఆలోచన మానుకోండి. 18 వోల్టుల ప్యాక్‌లో మామూలుగా ఐదు లిథియం సెల్స్ వరుసగా ఉంటాయి. ఒక్కటి చచ్చినా ప్యాక్ మొత్తం పనికిరాకుండా పోవచ్చు. తయారీ లోపమా కాదా అన్నది పరీక్షిస్తేనే తేలేదైతే, సెక్షన్ 38 కింద కమిషనే వస్తువుకు సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. మీరు సెల్స్ మార్పించేశాక పంపడానికి ఏం మిగులుతుంది? పైగా ఆ ప్యాక్ అంటుకుని నాన్నగారి చేయి కాలితే, వస్తువును మార్చారన్న కారణంతో సెక్షన్ 87 అమ్మినవాళ్లను కాపాడుతుంది. వైర్లు కలిపి వేరే బ్యాటరీ నుంచి ఛార్జ్ ఎక్కించే ప్రయత్నం కూడా చేయకండి, ప్రమాదం.

ముందు తప్పు దేనిదో తేల్చండి. షోరూములో అదే మోడల్ బ్యాటరీని మీ ఛార్జర్‌లో, మీ బ్యాటరీని వాళ్ల ఛార్జర్‌లో పెట్టించండి. ఎర్ర లైటు మీ బ్యాటరీ వెంటే వెళ్తే లోపం బ్యాటరీది, మీ ఛార్జర్‌లోనే ఉండిపోతే ఛార్జర్‌ది. సీరియల్ నంబర్లు కనిపించేలా ఆపకుండా ఒకే వీడియో తీయండి. బ్యాటరీ చల్లారాకే పెట్టాలి. వేడిగా ఉంటే మంచి బ్యాటరీని కూడా చాలా ఛార్జర్లు తీసుకోవు, అవతలి వకీలు మొదట పట్టుకునేది అదే.

బిల్లు గురించి టెన్షన్ వద్దు. జీఎస్టీ చట్టం ప్రకారం షాపువాళ్లు లెక్కలు కనీసం 72 నెలలు ఉంచాలి. ఇన్వాయిస్ కాపీ రాతపూర్వకంగా అడగండి, మీరు డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి.

ఆ తర్వాత కంపెనీకి, షాపుకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. కదలకపోతే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఫిర్యాదు వేయండి. కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే బెంగళూరులోనే వేయవచ్చు, వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షలలోపు కాబట్టి ఫీజు లేదు. కొత్త బ్యాటరీ లేదా డబ్బు వాపసు, ఖర్చులు, సబబైన పరిహారం అడగండి. 5 లక్షల అంకె వేస్తే మీ నిజమైన నష్టం కూడా అతిశయోక్తిలా కనబడుతుంది. ‘మీకు వాడటం రాదు’ అన్న మాట విన్నది మీరు కాదు, నాన్నగారు. అఫిడవిట్ ఆయనే ఇవ్వాలి. బిల్లు మీ పేరున ఉన్నా, మీ అనుమతితో వాడుతున్న ఆయన కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే.

చీటీ కోసం ఈ రాత్రే ఇల్లంతా వెతకండి. దొరక్కపోతే, రేపే సీరియల్ నంబరు వేసి జాబ్ షీట్ కాపీ ఇమ్మని సర్వీస్ సెంటర్‌కు మెయిల్ పెట్టండి.