కరెంటు పెంచే ముందు

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ కార్బన్ డయాక్సైడ్ లేజర్ యాంప్లిఫయర్‌కు, అంటే లేజర్ కాంతిని పెంచే వాయువు గొట్టానికి, ఎంత కరెంటు ఇచ్చినా పవర్ పెరగడం లేదనీ, ఇంకా పెద్ద పవర్ సప్లై అడగాలనుకుంటున్నాననీ రాశావు. అప్పుడే అడగకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆ దారినే పట్టి మూడు నెలలు పోగొట్టుకున్నాను.

పై శక్తి స్థాయికి ఎక్కిన కార్బన్ డయాక్సైడ్ అణువు శక్తిలో సుమారు 40 శాతమే 10.6 మైక్రాన్ల కాంతిగా బయటకు రాగలదు. మిగతాది వేడిగా వాయువులోనే మిగులుతుంది. వాయువు వేడెక్కేకొద్దీ, కాంతినిచ్చాక అణువు దిగే కింది స్థాయి నిండిపోతుంది. పైకీ కిందికీ తేడా లేకపోతే కాంతి ఎలా పెరుగుతుంది? హీలియం కలిపేది ఆ కింది స్థాయిని ఖాళీ చేయడానికీ, వేడిని లాగేయడానికీ. కాబట్టి ముందు వాయు ప్రవాహాన్నీ, చల్లబరిచే యంత్రం చిల్లర్‌నూ చూడు. కార్బన్ డయాక్సైడ్‌కు తన శక్తిని అందించే నైట్రోజన్‌ను కంపింపజేయడానికి 2 ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపు ఎలక్ట్రాన్లు చాలు. అంతకంటే బాగా వేడెక్కినవి అణువులను విరగ్గొట్టడానికే ఖర్చవుతాయి.

అసలు సంగతి మరొకటి. నీ సీడ్ కిరణం, అంటే పెంచడానికి లోపలికి పంపే లేజర్ కిరణం, గొట్టాన్ని నింపుతోందా? గొట్టం ముఖం దగ్గర కిరణానికి అడ్డంగా ఒక అక్రిలిక్ దిమ్మె పెట్టి రెండు క్షణాలు తగలనివ్వు. కళ్లద్దాలు మరవకు, పొగ బయటకు లాగే ఫ్యాను వేసి ఉంచు. కరిగిన గుంటే నీ కిరణం అచ్చు. నాకు వచ్చిన గుంటను వెర్నియర్‌తో కొలిస్తే 9 మిల్లీమీటర్లు, గొట్టమేమో 20. అంటే వైశాల్యంలో ఐదో వంతే! మిగిలిన నాలుగు వంతుల్లో నేను నింపిన శక్తిని ముట్టుకునేవారే లేరు. అది ఊరికే వృథా కావడమే కాదు, దారితప్పి వెనక్కి వచ్చిన కాంతిని పెంచి గొట్టాన్ని సొంతంగా లేజర్‌లా వెలిగిస్తుంది కూడా. రెండు అద్దాలతో కిరణాన్ని వెడల్పు చేశాక నా పవర్ కదిలింది. అయితే అంచులు గోడను తాకనివ్వకు, కిరణం ఆకారం చెడిపోతుంది. సీడ్ బలహీనంగా ఉన్నా శక్తి లోపలే మిగిలిపోతుంది, అదీ సరిచూడు.

నీవి నానోసెకన్ల పల్సులైతే ఇంకో మాట. కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే తరంగదైర్ఘ్యాల్లో ఒకటైన పి20 రేఖ మీదే సీడ్ పంపితే, పక్క భ్రమణ స్థాయుల్లోని (వేరే వేగాలతో తిరిగే) అణువులు పల్సు గడిచేలోగా పూర్తిగా సర్దుకోలేవు. పక్క రేఖలు పి18, పి22 కూడా కలిపి చూడు.

అద్దాలు మార్చక ముందొకటి, మార్చాక ఒకటి, రెండు దిమ్మెల ఫొటోలూ పంపు. పక్కన స్కేలు పెట్టి తియ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న