వీఆర్ హెడ్‌సెట్ కొనే ముందు: మా అక్క కొడుక్కి ఒక ఉత్తరం

కన్నా,

గేమ్స్ కోసం వీఆర్ హెడ్‌సెట్ కొందామనుకుంటున్నానని, ఏ మోడల్ మంచిదో చెప్పమని అడిగావు. మోడల్ సంగతి తర్వాత చెప్తాను, అదేమంత కష్టం కాదు. కళ్లకు తగిలించుకుంటే ఆట నీ చుట్టూ ఉన్నట్టే చూపించే ఈ వీఆర్ (వర్చువల్ రియాలిటీ) అసలు నీకు పడుతుందా, కొన్నాక ఆడతావా అన్నది ముందు తేలాలి. 2016లో రిఫ్ట్, వైవ్ అనే హెడ్‌సెట్లు వచ్చినప్పటి నుంచి నేను వీటితో ఆడుతూనే ఉన్నాను. కొన్న కొత్తలో ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ తగిలించి చూపించి, మోజు తీరగానే అటకెక్కించినవాళ్లను చూశాను. ఇది దొరికాక టీవీ ముందు కూర్చుని ఆడటమే తగ్గించేసినవాళ్లనూ చూశాను. ఇద్దరి దగ్గరా ఉన్నది చాలాసార్లు ఒకే మోడల్.

తేడా వాళ్లకు నచ్చే ఆటల్లో ఉంటుంది. చేతులకు పని ఉన్న ఆటల్లోనే వీఆర్ గొప్పతనం తెలుస్తుంది. 2020లో వచ్చిన హాఫ్-లైఫ్: అలిక్స్ సంగతే తీసుకో. అందులో తుపాకీ ఖాళీ అయితే ఒక బటన్ నొక్కి ఊరుకుంటే కుదరదు. తూటాలుండే పాత మ్యాగజైన్ వదిలేయాలి, చెయ్యి భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి వీపు సంచిలోంచి కొత్తది తీయాలి, దాన్ని పిడిలోకి తోసి స్లైడ్ లాగాలి. తీరిగ్గా ఉన్నప్పుడు ఇదంతా క్షణంలో అయిపోతుంది. ఎదురుగా శత్రువు నడిచొస్తుంటే మాత్రం చేతులు తడబడతాయి, మ్యాగజైన్ జారి నేల మీద పడుతుంది, నిజంగానే వంగి తీసుకోవాల్సి వస్తుంది. స్క్రీన్ మీద ఎంత గొప్ప షూటింగ్ గేమ్ ఆడినా ఈ కంగారు రాదు. అదే ఆట మొదట్లో ఒక కిటికీ అద్దం, దాని దగ్గర మార్కర్ పెన్నులు ఉంటాయి. అక్కడ చేయాల్సిన పనేమీ లేదు. అయినా కథ పక్కనపెట్టి అద్దం మీద బొమ్మలు గీసుకుంటూ నిలబడిపోయేవాళ్లే ఎక్కువ. బీట్ సేబర్‌ది ఇంకో దారి. రెండు చేతుల్లో రెండు వెలుగు కత్తులు పట్టుకుని, దరువుకు తగ్గట్టు దూసుకొచ్చే పెట్టెలను నరకడమే. చూసేవాళ్లకు అందులో ఏముందనిపిస్తుంది, ఆడేవాళ్లకు మాత్రం చెమటలు కారిపోతాయి.

నువ్వు చిన్నప్పటి నుంచీ ఆడేవి వేరు. పెద్ద లోకం, పొడుగాటి కథ, సోఫాలో వెనక్కి వాలి మూడు నాలుగు గంటలు కదలకుండా ఆడే ఆటలు. ఇప్పటికీ వాటిమీదే మనసుంటే ఇప్పుడు కొనొద్దనే చెప్తాను. వీఆర్‌లో అంత పెద్ద ఆటలు తక్కువ. ఉన్నా, ముఖం మీద అర కిలో బరువు పెట్టుకుని అన్ని గంటలు ఎవరూ ఆడలేరు. మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, ఛార్జింగ్ రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఇక నీ పాత ఆటలనే పెద్ద తెర మీద చూసుకోవచ్చు కదా అన్న ఆలోచన ఉంటే, బొమ్మ టీవీలో ఉన్నంత స్ఫుటంగా ఉండదని తెలుసుకో. క్వెస్ట్ 3లో ఒక్కో కంటికి 2064×2208 పిక్సెళ్లంటే చాలా ఎక్కువనిపిస్తుంది. కానీ అవన్నీ కళ్ల ముందు అంత వెడల్పున పరుచుకోవాలి కాబట్టి చూపులో ఒక డిగ్రీకి వచ్చేవి 25 పిక్సెళ్లే. మంచి చూపున్న కన్ను 60 దాకా విడదీసి చూడగలదు. చిన్న అక్షరాల దగ్గర ఆ లోటు వెంటనే కనిపిస్తుంది.

కూర్చుని ఆడేవాటిలో కారు పందేలకు, విమానాలకు మాత్రం మినహాయింపు ఇస్తాను. గ్రాన్ టురిస్మో 7 గానీ మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ గానీ హెడ్‌సెట్‌తో ఆడితే మలుపు ఎంత దూరంలో ఉందో, రన్‌వే ఎంత కిందికి ఉందో లెక్క వేసుకోనక్కర్లేదు, కంటికే తెలిసిపోతుంది. స్టీరింగ్ వీల్ పెట్టుకుని ఆడే అలవాటు నీకుంటే నేను ఇంత రాసేదాన్నే కాదు, కొనుక్కోమనేదాన్ని.

ఇప్పుడు కళ్లు తిరగడం గురించి. దీన్ని తేలిగ్గా తీసుకోకు. కదిలే బస్సులో పుస్తకం చదివితే కడుపులో తిప్పుతుంది చూడు, ఇదీ అదే జాతి, కాకపోతే తిరగబడిన రకం. బస్సులో ఒళ్లు కదులుతుంది, కళ్ల ముందు పేజీ కదలదు. ఇక్కడ నువ్వు నిలబడే ఉంటావు, కళ్లేమో పరిగెడుతున్నావంటాయి. లోపలి చెవి ఒకటి చెప్పి, కన్ను ఇంకోటి చెప్తే మెదడు తట్టుకోలేదు. కొందరికి ఇది అస్సలు రాదు, కొందరికి కొన్నాళ్లకు సర్దుకుంటుంది, ఇంకొందరికి ఎన్నాళ్లైనా పోదు. నువ్వు ఏ రకమో పెట్టుకుని చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

అందుకే కొత్తలో నిలబడ్డ చోటే ఆడే ఆటలు పెట్టుకో. తిరిగే ఆటలైతే సెట్టింగ్స్‌లో టెలిపోర్ట్ ఎంచుకో, స్నాప్ టర్న్ ఆన్ చెయ్యి. మొదటిదానితో నడిచినట్టు కాకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకినట్టు ఉంటుంది, రెండోదానితో మెల్లగా కాకుండా ఒక్కో కుదుపుతో పక్కకు తిరుగుతావు, వికారం బాగా తగ్గుతుంది. మెటా స్టోర్‌లో ఆట ఎంత తిప్పుతుందో కంఫర్టబుల్, మోడరేట్, ఇంటెన్స్ అని రాసి ఉంటుంది, అది చదవకుండా ఏదీ కొనకు. ఒళ్లు వెచ్చబడి, చెమట పట్టి, నోట్లో నీళ్లూరుతున్నాయంటే వెంటనే తీసెయ్యి. "ఇంకొంచెం ఆడితే అలవాటైపోతుంది" అని నీ స్నేహితులు చెప్తారు, వాళ్ల మాట వినకు. మొండిగా ఆడితే హెడ్‌సెట్ చూస్తేనే వికారం పుట్టే స్థితి వస్తుంది. అక్కడి నుంచి వెనక్కి రావడం చాలా కష్టం.

ఒక్కసారి పెట్టి చూసి కొనేయకు. మొదటిసారి ఎవరికైనా నోరు తెరుచుకునే ఉంటుంది. నీ స్నేహితుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు వెళ్లి, సరదా డెమోలు కాకుండా, ఒకే ఆటను ఒక్కోసారి అరగంట ఆడు. మళ్లీ వెళ్లాలని నీకే అనిపిస్తోందా, లేక చూసేశాం కదా అనిపిస్తోందా గమనించుకో. నా మాటకన్నా అదే నీకు సరిగ్గా చెప్తుంది.

కళ్లజోడు పెట్టుకుంటావు కాబట్టి ఇంకో సంగతి. కళ్లద్దాలు లెన్సుకు రాసుకుంటే రెండింటిమీదా గీతలు పడతాయి, హెడ్‌సెట్ లెన్సు మీద పడ్డ గీత ఇక పోదు. నీ పవర్‌కు సరిపడా లోపల అమర్చే అద్దాలు విడిగా దొరుకుతాయి, వాటి ఖర్చు మొదటే లెక్కలో వేసుకో. రెండు కనుపాపల మధ్య దూరం కూడా కొలిపించుకో, దాన్ని ఐపీడీ అంటారు. కళ్లజోడు చేసేవాళ్లు నిమిషంలో చెప్తారు. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి సరిచేసుకోవచ్చు, 53 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా ఉన్నవాళ్లకు సరిపోతుందని మెటా చెప్తుంది. చవకగా వచ్చే క్వెస్ట్ 3ఎస్‌లో 58, 63, 68 అని మూడే మెట్లు. నీది వీటికి దూరంగా ఉంటే బొమ్మ మసకేస్తుంది, తలనొప్పి వస్తుంది. అప్పుడు హెడ్‌సెట్ మంచిది కాదనుకుంటావు.

మోడల్ విషయానికొస్తే, పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5) గానీ గట్టి గ్రాఫిక్స్ కార్డున్న పీసీ గానీ లేనివాళ్లకు నేను చెప్పేది క్వెస్ట్ 3 లేదా 3ఎస్. రెండింట్లోనూ ప్రాసెసర్ ఒకటే, ఆటలూ అవే. 3లో లెన్సులు బాగుంటాయి, అంచుల దాకా స్పష్టంగా కనిపిస్తుంది. 3ఎస్‌లో మధ్యలో బాగుండి పక్కలకు కాస్త చెదురుతుంది. డబ్బు బిగుతుగా ఉంటే 3ఎస్ తీసుకుని, మిగిలింది ఆటలకూ మంచి తలపట్టీకీ పెట్టు. పెట్టెలో వచ్చే గుడ్డపట్టీతో బరువంతా బుగ్గల మీద పడుతుంది. పీఎస్5 ఉన్నవాళ్లకు సోనీదే పీఎస్ వీఆర్2 హెడ్‌సెట్ ఉంది. దాని ఓఎల్ఈడీ తెరలో చీకటి చీకటిలాగే కనిపిస్తుంది, అదంటే నాకు చాలా ఇష్టం. ఆటలు మాత్రం తక్కువ, పాత పీఎస్ వీఆర్ ఆటలు దానిలో నేరుగా ఆడవు. అలిక్స్ ఆడాలంటే నీకు పీసీ కావాల్సిందే.

పాతది చవగ్గా వస్తోందని 2019 నాటి మొదటి క్వెస్ట్ జోలికి వెళ్లకు. దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి, కొత్త ఆటలు రావు.

ఇంట్లో రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ చోటు ఉండాలి. ప్రతిసారీ బల్ల జరిపితేగానీ ఆ చోటు రాదంటే, పదిరోజులకే బద్ధకం వస్తుంది. చేతులు పైకెత్తితే లైటుకో ఫ్యానుకో తగులుతుందేమో కూడా చూసుకో. వాడనప్పుడు ఎండ పడే కిటికీ దగ్గర ఎప్పుడూ పెట్టకు. లెన్సులు భూతద్దాల్లా ఎండను పోగేసి లోపలి తెరను కాల్చేస్తాయి, కాసేపు చాలు. చెల్లి అడిగినా ఇప్పుడే ఇవ్వకు. మెటా పదేళ్లలోపు పిల్లలకు వద్దంటుంది, సోనీ పన్నెండేళ్లు నిండాలంటుంది.

ఆటలు కొనేటప్పుడు గుర్తుంచుకో, మెటా స్టోర్‌లోనూ, పీసీ ఆటలు అమ్మే స్టీమ్‌లోనూ రెండు గంటలకన్నా తక్కువ ఆడి, పద్నాలుగు రోజుల్లోపు అడిగితే డబ్బు తిరిగిస్తారు. ఒక ఆట నీకు తిప్పుతోందని తెలియడానికి రెండు గంటలు అక్కర్లేదు.

ముందు స్నేహితుడి ఇంట్లో ఆడి రా. తర్వాత నీ ఐపీడీ ఎంతో, గదిలో ఖాళీ ఎంతుందో, ఏ ఆట దగ్గర ఎలా అనిపించిందో నాకు రాయి. 3 తీసుకోవాలో 3ఎస్ చాలో, లేక ఆ డబ్బు దాచుకోవాలో అప్పుడు తేల్చుకుందాం.

ప్రేమతో,
పిన్ని