రైఫిల్ పాతదైనా పర్లేదు, స్కోప్ మాత్రం కొత్తదే తీసుకోండి

ప్రశ్న: నా వయసు 36. నాది ఒక్కడి జీతం, ఇంట్లో చిన్న పాప ఉంది. స్నేహితులతో కలిసి వేటకు వెళ్తుంటాను. లైసెన్సు ఉంది, భద్రతా శిక్షణ కూడా పూర్తిచేశాను. ఇంతవరకు వాళ్ల రైఫిలే అడిగి వాడుకున్నాను. ఇప్పుడు సొంతంగా ఒకటి కొనాలని కొంత డబ్బు పక్కన పెట్టాను. ఆ డబ్బుకు షాపులో స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించి ఉన్న కొత్త రైఫిల్ సెట్ వస్తుంది. సరిగ్గా అదే ధరకు తెలిసినాయన ఒకరు తన పాత రైఫిల్‌ను స్కోప్‌తో సహా ఇస్తానంటున్నారు. అది పేరున్న కంపెనీది, ఇప్పుడు కొత్తగా కొనాలంటే నా బడ్జెట్‌కు దాదాపు రెట్టింపు అవుతుంది. ఇంకో స్నేహితుడేమో, మిగతాది ఈఎంఐ పెట్టి ఆ మంచి రైఫిలే కొత్తది కొనుక్కోమంటున్నాడు. ఏది లాభం?

జవాబు: మీరు మూడు దారులు రాశారు. మూడోదాన్ని, అంటే ఈఎంఐని, ముందే పక్కన పెడదాం. ఉదాహరణకు నెలకు 2 శాతం ఫ్లాట్ వడ్డీ అని చెప్తే తక్కువే అనిపిస్తుంది. కానీ మీరు అసలు నెలనెలా తీరుస్తూనే ఉన్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే పడుతుంది. ఏడాదికి లెక్కేస్తే నూటికి 124 కడతారు. తగ్గుతున్న అసలు మీద లెక్క తీస్తే అది ఏడాదికి సుమారు 42 శాతం వడ్డీతో సమానం. సంపాదించి పెట్టే పనిముట్టుకైతే ఆలోచించొచ్చు. సంవత్సరంలో కొన్ని రోజులే బీరువా బయటికొచ్చే వస్తువుకు అప్పు వద్దు. ఇంకో మాట, ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉందా లేదా మీరు రాయలేదు. లేకపోతే ఈ ఏడాది కొనడమే వద్దు. ఉందనుకుని మిగతాది చెప్తాను.

మీ బడ్జెట్‌ను నూరు పాళ్లు అనుకోండి. షాపు సెట్‌కైనా, ఆ పెద్దమనిషి రైఫిల్‌కైనా మీరు నూరు పాళ్లూ ఇచ్చేస్తున్నారు. మరి తూటాలు? తాళం బీరువా? చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రైఫిల్ కొనేసి, తూటాలకు డబ్బు చాలక సాధన మానేస్తారు. సాధన లేకుండా వేటకు వెళ్తే జంతువును గాయపరిచి వదిలేయాల్సి వస్తుంది. అంతకన్నా ఆ డబ్బు బ్యాంకులో ఉండటం నయం.

అందుకని ముందు 25 నుంచి 30 పాళ్లు తీసి పక్కన పెట్టండి. ఇంట్లో పాప ఉంది కాబట్టి తాళం పడే ఇనుప బీరువా ముందు రావాలి, తుపాకీ తర్వాత రావాలి. ఈ ఒక్క విషయంలో బేరం లేదు. తూటాలకు వేరే తాళం పెట్టండి. ఆ తర్వాత చెవులకు రక్షణ. పెద్ద రైఫిల్ పేలితే చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, 140 దాటితే ఒక్కసారికే వినికిడి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. శుభ్రం చేసుకునే కడ్డీ, నూనె, స్కోప్‌ను పట్టి ఉంచే బేసులు, రింగులు, భుజానికి పట్టీ, జీరో చేసుకోవడానికి (గురి పెట్టిన చోటే తూటా పడేలా స్కోప్‌ను సరిచేసుకోవడానికి), సాధనకు మూడు నాలుగు పెట్టెల తూటాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మిగిలిన 70 పాళ్లలో రైఫిల్‌కు 40 నుంచి 45, స్కోప్‌కు 25 నుంచి 30 పెట్టుకోండి. స్కోప్‌కు అంతా అని ఆశ్చర్యపోకండి, కారణం చెప్తాను.

కొత్తదా పాతదా అని మీరు రెంటికీ కలిపి ఒకే ప్రశ్న వేశారు. నేనైతే దాన్ని రెండుగా విడగొడతాను. రైఫిల్‌లో అరుగుదల కంటికి కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే మనిషి) కొలిచి చెప్పగలడు. స్కోప్‌లో అరుగుదల లోపలే ఉంటుంది, వేట రోజు దాకా బయటపడదు. కనిపించే అరుగుదలకు ధర తగ్గించి కొనొచ్చు. కనిపించనిదానికి ఎంత తగ్గించాలో ఎవరు చెప్పగలరు?

ముందు రైఫిల్ సంగతి. బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్, అంటే ప్రతి తూటాకూ వెనకున్న బోల్ట్ అనే కడ్డీని చేత్తో లాగి మూసే రకం, చాలా నెమ్మదిగా ముసలిదయ్యే యంత్రం. వించెస్టర్ మోడల్ 70 వచ్చింది 1936లో, సావేజ్ 110 వచ్చింది 1958లో, రెమింగ్టన్ 700 వచ్చింది 1962లో. మూల నిర్మాణం పెద్దగా మారకుండానే ఇవి దశాబ్దాల పాటు అమ్ముడుపోయాయి. అంటే ఇరవై ఏళ్ల కిందటి రైఫిల్ కొన్నంత మాత్రాన పాతకాలపు సరుకు కొన్నట్టు కాదు. .308 వించెస్టర్ లాంటి మామూలు తూటాకైతే బ్యారెల్ వేల రౌండ్లు తట్టుకుంటుంది. వేటగాడు ఏడాదికి కాల్చేది ఒకటి రెండు పెట్టెలే, పెట్టెకు 20 తూటాలు. ఆ లెక్కన కాల్చి కాల్చి బ్యారెల్ అరగదీసిన వేటగాళ్లు అరుదు. బాగా వేగంగా పోయే కొన్ని మాగ్నం (ఎక్కువ మందు పట్టే) తూటాల రకాల సంగతి వేరు, వాటి బ్యారెళ్లు అంతకన్నా చాలా త్వరగా అరుగుతాయి. మామూలు వేట రైఫిల్‌కు అసలు శత్రువులు తుప్పు, మొరటుగా శుభ్రం చేసే చేతులు.

కాబట్టి ఆ పెద్దమనిషి దగ్గరికి వెళ్లినప్పుడు ముందు రైఫిల్ ఖాళీగా ఉందని మీ కళ్లతో, వేలితో చూసుకోండి. బోల్ట్ బయటికి తీసి బ్యారెల్‌లోకి లైటు వేయండి. లోపలి గాడులు పదునుగా, మెరుస్తూ ఉండాలి. నల్లటి గుంటలు కనిపిస్తే అవి తుప్పు తిన్న చోట్లు. బ్యారెల్ కొనను నిశితంగా చూడండి, తూటా చివరిగా తాకి వదిలే అంచు అదే. అక్కడ చిన్న నొక్కు పడ్డా గురి చెదురుతుంది. స్టాక్ (భుజానికి ఆనించే భాగం) చెక్కదైతే, ఇనుము వెనక చెక్క మొదలయ్యే చోట సన్నని పగుళ్లు ఉన్నాయేమో వెతకండి. పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా అక్కడే పడుతుంది. స్కోప్ బిగించే మరల తలలు చెడిపోయి ఉంటే, ఎవరో సరైన పనిముట్టు లేకుండా గెలికారని అర్థం. అలాంటి చేయి లోపల ఇంకేం గెలికిందో అని కూడా అనుమానించండి. సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేసి ట్రిగ్గర్ నొక్కండి, వదలండి, తర్వాత సేఫ్టీ తీయండి. తీయగానే టక్కుమంటే ఆ రైఫిల్ వద్దు.

ఆఖర్న గన్‌స్మిత్‌కు చూపించండి. బోల్ట్ మూసినప్పుడు తూటాకు దొరికే స్థలం హద్దుల్లో ఉందో లేదో గేజ్‌లతో కొలవడం అతని పని, మనం కంటితో చూసి చెప్పలేం. అతనికిచ్చే ఫీజును ఖర్చు అనుకోకండి, ఈ మొత్తం బేరంలో బాగా గిట్టుబాటయ్యేది అదే.

సీరియల్ నంబరు రాసుకుని రెండు విషయాలు కనుక్కోండి. అది దొంగిలించింది కాదని ఒకటి, కంపెనీ వెనక్కి పిలిచిన రకం కాదని రెండోది. ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న రెమింగ్టన్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లను 2014 ఏప్రిల్‌లో కంపెనీ వెనక్కి పిలిచింది. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 దాకా తయారైనవాటిలో కొన్ని ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని కారణం చెప్పింది. మీకొచ్చింది ఆ రకమైతే ట్రిగ్గర్ మార్చారా అని అడగండి, మార్చిన కాగితం చూడండి. తర్వాత ఆ కంపెనీ 2020లో దివాలా తీసి ముక్కలుగా అమ్ముడుపోయింది. అందుకే సెకండ్‌హ్యాండ్ రైఫిల్ ధర లెక్కేసేటప్పుడు వారంటీకి నేను విలువ కట్టను.

తూటా రకం కూడా డబ్బు సంగతే, ఎవరూ దాన్ని ఆ కంటితో చూడరు. .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ 1906 నాటిది, .270 వించెస్టర్ 1925లో వచ్చింది, .308 వచ్చింది 1952లో, 6.5 క్రీడ్‌మోర్ 2007లో. వేటకు బాగా వాడకంలో ఉన్నవి ఇలాంటివి, కాబట్టి వీటిలో చవక రకాలూ ఉంటాయి, ఖరీదైనవీ ఉంటాయి. అరుదైన తూటా వాడే రైఫిల్ చవగ్గా వస్తే, ఎందుకు చవకో ముందు ఆలోచించండి. ఉదాహరణకు పెట్టె తూటాలు మీ బడ్జెట్‌లో 3 పాళ్లు, ఏడాదికి మూడు పెట్టెలు అనుకుందాం. పదేళ్లకు 90 పాళ్లు. తూటా సగం ఎక్కువ ఖరీదైతే 135. రైఫిల్ మీద ఎంత బేరమాడినా ఆ 45 పాళ్ల తేడా తిరిగి రాదు.

ఇక స్కోప్. అది పేలిన ప్రతిసారీ దెబ్బ తినే గాజు సామాను. లోపల సన్నటి గొట్టం, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు, తేమ పట్టకుండా నింపిన నైట్రోజన్, ఆ వాయువు బయటికి పోకుండా సీళ్లు ఉంటాయి. స్ప్రింగు అలిసిపోతే స్కోప్ పైకి కొత్తదానిలాగే ఉంటుంది, గురి మాత్రం ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. మామూలు వేట స్కోప్‌లో ఒక క్లిక్ తిప్పితే 100 మీటర్ల దగ్గర గురి 7 మిల్లీమీటర్లు జరగాలి. అలా నలువైపులా తిప్పుతూ కాల్చి మళ్లీ మొదటి చోటికి తెస్తే మొదటి రంధ్రం పక్కనే పడాలి. ఈ పరీక్షకే దాదాపు ఒక పెట్టె తూటాలు పోతాయి. అమ్మేవాళ్లు కొనకముందే ఇవన్నీ చేయనిస్తారా అంటే, చాలామంది ఇవ్వరు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ల్యూపోల్డ్, వోర్టెక్స్ లాంటి కంపెనీలు స్కోప్ ఎవరి చేతిలో ఉన్నా బాగుచేసిస్తామంటాయి, మొదటి కొనుగోలుదారే కావాలని పట్టుబట్టవు. ఆ పెద్దమనిషి రైఫిల్ మీద ఉన్నది అలాంటిదైతే పాతదైనా తీసుకోవచ్చు. కానీ ల్యూపోల్డ్ పేరుతో నకిలీలు తిరుగుతున్నాయి, నంబరు కంపెనీకి చెప్పి అసలుదేనని తేల్చుకోండి.

కొత్త స్కోప్ కొనేటప్పుడు జూమ్ అంకెల వెంట పడకండి. 3-9x40 అని రాసి ఉన్నది, అంటే 3 నుంచి 9 రెట్ల దాకా పెంచి చూపేది, మామూలు వేటకు సరిపోతుంది. తెల్లవారుజామున, సంధ్య వేళ వెలుతురే ముఖ్యం. ముందు అద్దం 40 మిల్లీమీటర్లను జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుతురు వృత్తం వస్తుంది. 9 రెట్ల దగ్గర అది 4.4 మిల్లీమీటర్లే, 4 రెట్ల దగ్గర 10. చీకట్లో కనుపాప విప్పారేది వయసులో ఉన్నవాళ్లకే 7 మిల్లీమీటర్ల దాకా, వయసుతో అది తగ్గుతుంది. అంటే మసక వెలుతురులో జూమ్ తగ్గిస్తేనే బాగా కనిపిస్తుంది. 14 రెట్ల జూమ్‌కు పెట్టే డబ్బు మంచి అద్దానికి, పూతకు పెట్టండి. స్థిరంగా 4 లేదా 6 రెట్లే చూపించే స్కోప్ దొరికితే ఇంకా మంచిది, అందులో కదిలే భాగాలు తక్కువ. ఈ రకాన్ని ఇప్పుడెవరూ పట్టించుకోరు, ఎందుకో నాకు అర్థం కాదు.

షాపు సెట్ గురించి ఒక చిట్కా. అదే రైఫిల్ స్కోప్ లేకుండా ఎంతకిస్తారో అడగండి. రెండు ధరల మధ్య తేడాయే ఆ స్కోప్ అసలు విలువ. తేడా మరీ తక్కువగా ఉంటే వాళ్లు ఎక్కడ ఆదా చేశారో మీకే తెలిసిపోతుంది. అయితే సెట్లలో వచ్చే రైఫిళ్లను చిన్నచూపు చూడొద్దు. రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ లాంటి చవక రకాలు పైకి ప్లాస్టిక్‌లా కనిపించినా గురి విషయంలో ఖరీదైనవాటికి పెద్దగా తీసిపోవు. రైఫిల్‌ను పరీక్షించగల మనిషి మీకు దొరకకపోతే, లేదా ఆ పాత రైఫిల్ మీ భుజానికి సరిపోకపోతే, మీకు సరైనది ఇలాంటి కొత్త రైఫిలే. స్కోప్ మాత్రం విడిగా కొనండి.

తిరిగి అమ్మే విలువ కూడా చూద్దాం. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. పాత రైఫిల్ 45 పాళ్లకు కొని, తుప్పు పట్టకుండా చూసుకుని, ఐదేళ్లకు 38కి అమ్మితే మీకు పడిన ఖర్చు 7. కొత్తది 90కి కొని 60కి అమ్మితే 30. పెద్ద తరుగు షాపు గుమ్మం దాటగానే వస్తుంది, దాన్ని మొదటి యజమాని ఎప్పుడో భరించేశాడు.

ఇప్పుడు ఆ పెద్దమనిషిని ఒక్క ప్రశ్న అడగండి: “స్కోప్ మీరే ఉంచుకుని రైఫిల్ ఒక్కటే అయితే ఎంతకిస్తారు?” ఆయన చెప్పేది 45 పాళ్ల దగ్గర్లో ఉంటే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లే మాట మాట్లాడండి. తెలిసినాయన కదా అని మొహమాటపడి పరీక్ష మానేయొద్దు, కాగితాలూ మానేయొద్దు. చేతికి చేయి మార్చుకోవడం కాకుండా మీ చోటి చట్టం చెప్పిన పద్ధతిలోనే పేరు మార్పించుకోండి. ఆ పాత పేరుతోనే రైఫిల్ మీ బీరువాలో ఉంటే రేపు ఇబ్బంది ఇద్దరికీ. విడిగా ఇవ్వనన్నా, గన్‌స్మిత్‌కు చూపించడానికి ఒప్పుకోకపోయినా ఆ బేరం వదిలేయండి. సీజన్ అయిపోయాక అమ్మేవాళ్లు పెరుగుతారు, కొనేవాళ్లు తగ్గుతారు. అప్పటిదాకా ఆ డబ్బు అలాగే ఉండనివ్వండి. కావాలంటే బీరువా ఒక్కటి ఇప్పుడే కొనిపెట్టుకోండి.