భార్య మాటలోంచి పుట్టిన భర్త

ప్రశ్న: ఎస్పరాంటో నేర్చుకుంటున్నాను. ఆసుపత్రిని ‘మల్సనులేయో’ అంటారట. నిఘంటువులో ‘మ’ కింద ఎంత వెతికినా దొరకలేదు. అసలు కల్పించిన భాషలో మాటలకు వ్యుత్పత్తి ఉంటుందా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పకుండా ఉంటుంది. 1887లో వార్సాలో ఈ భాషను ప్రకటించిన జామెన్‌హోఫ్ కంటి వైద్యుడు. ధాతువులను ఆయన గాలిలోంచి సృష్టించలేదు. ఎక్కువభాగం లాటిన్ కుటుంబం నుంచి తీసుకున్నారు. ‘హుందో’ (కుక్క) జర్మన్ నుంచి, ‘కాయ్’ (మరియు) గ్రీకు నుంచి వచ్చాయి. ‘ఎస్పరాంటో’ అంటే ఆశ పెట్టుకున్నవాడు. అది ఆయన మారుపేరు, తర్వాత భాషకే పేరైంది.

మీ మాటను చివరి నుంచి ఒలుచుకుంటూ రండి. చివరి ‘ఓ’ నామవాచకానికి గుర్తు. ‘ఏయ్’ అంటే చోటు, ‘ఉల్’ అంటే మనిషి. ఇక ముందున్న ‘మల్’ తీసేస్తే ‘సన్’ మిగులుతుంది: ఆరోగ్యంగా ఉండటం. ఆరోగ్యం లేనివాళ్లుండే చోటు, అంతే. నిఘంటువులో ‘సన్’ కింద చూడండి. ‘మల్’ను ఫ్రెంచిలోలా ‘చెడు’ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇక్కడ అది అర్థాన్ని తిరగేస్తుందంతే: ‘నోవా’ కొత్తది, ‘మల్నోవా’ పాతది.

అయితే ఒలిచే ముందు మాట మొత్తం ఒకే ధాతువేమో చూసుకోవాలి. ‘కొలేగో’ అంటే సహోద్యోగి. అదే ‘కొల్’, ‘ఏగ్’ అని విడదీశారో, పెద్ద మెడ అవుతుంది! ‘సుకేరో’ చక్కెర. విడదీస్తే రసం బొట్టు.

ఇంకో చిక్కు దువ్వెనది. ‘కొంబ్’ అనేది క్రియాధాతువు, కాబట్టి ‘కొంబో’ అంటే దువ్వడం. చేతిలో పట్టుకునే దువ్వెన కావాలంటే పనిముట్టును చెప్పే ‘ఇల్’ చేర్చి ‘కొంబీలో’ అనాలి. సుత్తికి ఆ అవసరం లేదు. ‘మర్తెల్’ పుట్టుకతోనే నామధాతువు, ‘మర్తేలో’ అంటే సుత్తే. కొత్తవాళ్లు ‘మర్తెలీలో’ అనేది ఇది తెలియకే. ప్రతి ధాతువుతో పాటు అది క్రియో నామమో కూడా రాసుకుని నేర్చుకోండి.

వ్యుత్పత్తుల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటైనది ‘ఎద్జో’, అంటే భర్త. మనం ‘నాయకుడు’ నుంచి ‘నాయకురాలు’ చేసినట్టే, ఎస్పరాంటోలో ‘ఇన్’ చేర్చి స్త్రీవాచకం చేస్తారు. ఇక్కడ మాత్రం దారి తిరగబడింది. జర్మన్‌లో యువరాజు భార్య ‘క్రోన్‌ప్రింట్సెసిన్’. ఆ మాట తోకలోంచి ముందు ‘ఎద్జీనో’ (భార్య) వచ్చింది. దాన్నుంచి ‘ఇన్’ కోసేస్తే భర్త మిగిలాడు.