సైకిల్ నేర్పేటప్పుడు పిల్లకి అబద్ధం చెప్పకు

బుజ్జమ్మా,

పిల్ల సైడ్ చక్రాలతో సెల్లార్ అంతా చక్కర్లు కొడుతోందని, అవి తీస్తానంటే మాత్రం ఏడుపు లంకించుకుంటోందని అన్నావు కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాసి పెడుతున్నా, అల్లుడుగారికి కూడా చూపించు. డ్రిల్లు టీచరుగా ఉన్నన్నాళ్లూ బడి గ్రౌండులో ఎంతమంది ఆడపిల్లలకి సైకిల్ నేర్పానో నాకే లెక్క లేదు, కాబట్టి ఈ ఒక్క విషయంలో పెద్దమ్మ మాట విను.

సైడ్ చక్రాలు తీసేయించు, ఏడ్చినా సరే. అవి ఉంటే సైకిల్ పక్కకి ఒరగదు, ఒరగని సైకిల్ మీద ఏళ్లు తిరిగినా బ్యాలెన్సు రాదు. ఎటు పడబోతుంటే హ్యాండిల్ అటే కాస్త తిప్పాలి, అప్పుడు చక్రాలు మళ్లీ మన బరువు కిందకి వస్తాయి. బ్యాలెన్సు అంటే అంతే. దాన్ని ఒంటికి తెలియనివ్వాలి గానీ నోటితో చెబితే రాదు.

పెడల్స్ కూడా తీసెయ్. నవ్వకు, నిజంగానే చెబుతున్నా. 1817లో జర్మనీలో మొట్టమొదటి రెండు చక్రాల బండి తయారైనప్పుడు దానికి పెడల్సే లేవు, కాళ్లతో నేలని తన్నుకుంటూ పోయేవాళ్లు. పెడల్స్ వచ్చింది 1860లలో. మీ పిల్ల కూడా అదే వరసలో నేర్చుకుంటుంది. మామూలుగా 15 నంబర్ స్పానర్ పడుతుంది. ఎడమ పెడల్‌కి మర రివర్సులో ఉంటుంది, అది తెలియక అల్లుడుగారు బలమంతా పెట్టి ఇంకా బిగించేస్తారు. స్పానర్‌ని పైకి నిలబెట్టి పట్టుకుని వెనక చక్రం వైపు లాగితే రెండూ ఊడతాయి, కుడి ఎడమ అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

సీటు బాగా దించు, కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. ఇంకో రెండేళ్లు వస్తుందని గౌన్లు కొన్నట్టు పెద్ద సైకిల్ కొనలేదు కదా? ఆరేళ్ల పిల్లకి 16 అంగుళాల చక్రం చాలు.

ఇక సెల్లార్‌లో ఆదివారం వద్దు, కార్లన్నీ అక్కడే ఉంటాయి. మామూలు రోజుల్లో బడి నుంచి రాగానే, ఆఫీసు కార్లు తిరిగి రాకముందు తీసుకెళ్లు. పిల్లలు దేన్ని చూస్తే అటే పోతారు, "స్తంభం, స్తంభం" అని నువ్వు అరిస్తే సరిగ్గా దాన్నే గుద్దుతుంది. దూరంగా నిలబడి "నన్ను చూస్తూ రా" అను.

పెడల్స్ లేకుండా నాలుగు రోజులు తన్నుకుంటూ తిరగనీ, తొందరపెట్టకు. మొదట అడుగులు చిన్నవి, తర్వాత పెద్దవి, ఆ తర్వాత ఒకసారి తనకే తెలియకుండా కాళ్లు రెండూ పైకి లేపి ఉంచేస్తుంది. పెదాలు బిగించి, మెడ బిగించి, వేళ్లు తెల్లబడేలా హ్యాండిల్ పట్టుకుని జర్రున పోతుంది. కాళ్లు నేలకి తగిలాక ఇంత నోరు తెరిచి ఒక అరుపు అరుస్తుంది చూడు, ఆ అరుపు కోసమే నేను ఎండలో గ్రౌండు చుట్టూ పరిగెత్తింది. అప్పుడు వీడియో తీస్తూ నిలబడకు తల్లీ, చప్పట్లు కొట్టు.

పెడల్స్ మళ్లీ బిగించాక అసలు విషయం వస్తుంది. మన ఇళ్లలో అందరూ ఒకటే చేస్తారు, "పట్టుకున్నానమ్మా, నువ్వు తొక్కు" అంటూనే వెనక నుంచి వదిలేస్తారు. నాకది అస్సలు నచ్చదు. పిల్ల వెనక్కి తిరిగి చూస్తుంది, మెడతో పాటు హ్యాండిలూ తిరుగుతుంది, దబ్బున పడుతుంది, మర్నాడు నువ్వు పట్టుకున్నానని ఒట్టేసినా నమ్మదు. పడకుండా వెళ్లిపోయిందే అనుకో, తను ఒంటరిగా తొక్కిన ఆ మొదటి క్షణం తనకి తెలియకుండానే అయిపోయినట్టే కదా! దాన్ని ఎందుకు దాచడం? "వదులు అని నువ్వు చెప్పు, అప్పుడే వదులుతా" అను. మొదట చెప్పదు. చెప్పేదాకా చంకల కింద చేతులు పెట్టి పరిగెత్తాల్సిందే, హ్యాండిల్ మాత్రం ముట్టుకోవద్దు. ఏదో ఒక సాయంత్రం తనే విసుక్కుంటూ "వదులమ్మా!" అంటుంది. వదిలెయ్.

బ్రేకులు మాత్రం పెడల్స్ బిగించకముందే నేర్పు. పిల్లల సైకిళ్లకి బ్రేకు లివర్లు చాలా గట్టిగా ఉంటాయి, ఆ చిన్న వేళ్లకి అందవు. సైకిల్ షాపులో చెబితే సరిచేసి ఇస్తారు. రెండూ కలిపి నెమ్మదిగా నొక్కమను. హెల్మెట్ కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన ఉండాలి, వెనక్కి జారిపోయి ఉంటే పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. పొడుగు గౌన్లు, వేలాడే లేసులు వద్దు, చైన్‌లో పడతాయి. పడ్డప్పుడు నువ్వు కెవ్వుమనకు, పిల్లలు దెబ్బ చూసుకునే ముందు అమ్మ మొహం చూస్తారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నీకూ సైకిల్ రాదు కదా. 1991 ప్రాంతంలో తమిళనాడు పుదుక్కోట్టైలో చదువు నేర్పే ఉద్యమంతో పాటే ఆడవాళ్లకి సైకిల్ కూడా నేర్పారు, షీలారాణి చుంకత్ అనే ఆవిడ అప్పుడు కలెక్టరు. కూలికెళ్లేవాళ్లు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు వేలమంది నేర్చుకున్నారు, చీరల్లోనే. నీకేం అడ్డం? అదే సెల్లార్, అదే సాయంత్రం వేళ, పక్కింటివాళ్ల పెద్ద సైకిల్ అడుగు.

హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది చూడు, అక్కడికి ఇప్పుడే తీసుకెళ్లకు, పెద్దవాళ్లు రివ్వున పోతుంటారు. మీ ఇద్దరికీ బ్రేకు, మలుపు బాగా వచ్చాక ఒక తెల్లవారుజామున వెళ్లండి. ఊడదీసిన సైడ్ చక్రాలు కింద ఫ్లాట్ పిల్లాడికి దానం చేయకు, వాళ్లమ్మకి ఈ లేఖ ఇవ్వు.

పెద్దమ్మ